సడలింపు ఉత్తర్వులు రాసే పెద్దలకు, మిర్యాలగూడ జిరాక్స్ షాపు నుంచి

మిర్యాలగూడ, 31 అక్టోబర్ 2021

ఢిల్లీలో, హైదరాబాద్‌లో, లండన్‌లో, వాషింగ్టన్‌లో, ఇంకా మా నోరు తిరగని పేర్ల ఊళ్లలో కూర్చుని కరోనా సడలింపుల ఉత్తర్వులు రాసే పెద్దలందరికీ నమస్కారం.

నేను మిర్యాలగూడ బస్టాండు దగ్గర జిరాక్స్, నెట్ సెంటర్ నడుపుతాను. రెండు కంప్యూటర్లు, ఒక కలర్ ప్రింటర్, ఒక లామినేషన్ మిషను, ఒక పొడుగు బల్ల. కరోనాకు ముందు నా గిరాకీ అంతా ఆధార్ జిరాక్సులు, పహాణీలు, ఇంటర్ హాల్ టికెట్లు. ఇప్పుడు నా గిరాకీ మీరే. ఎక్కడో మీరొక కాగితం మీద సంతకం పెడితే తెల్లారేసరికి నా గడప ముందు పది జతల చెప్పులుంటాయి.

మొదలే ఒక సంగతి ఒప్పుకుంటాను. మీ వల్ల నాకేం నష్టం రాలేదు. ప్రింటుకు పది రూపాయలు, ఫారం నింపితే యాభై, కలర్‌లో తీసి లామినేషన్ చేస్తే నలభై. ఈ బజారులో హోటళ్లు మూతపడ్డాయి, బట్టల షాపులు అద్దె కట్టలేక ఖాళీ చేశాయి, నేను మాత్రం కొత్త ప్రింటర్ కొన్నాను. మరి నీకెందుకు బాధ అంటారేమో. మీరు రాసిన రూలును మనిషి ముఖం చూసి చదివి వినిపించేది నేను కాబట్టి. "ఇది నీకు వర్తించదు పెద్దయ్యా" అనే మాట మీ ఉత్తర్వులో ఉన్నా, అది బయటికి వచ్చేది నా నోట్లోంచి.

రూల్సే వద్దనడం లేదు. మొన్న మేలో మా చిన్నాయనను కాటికి తీసుకుపోయినప్పుడు రూలు ప్రకారం 20 మంది రావచ్చు. వచ్చింది నలుగురం. ఆ నెల ఏం జరిగిందో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మూసినందుకు మీ మీద నాకు కోపం లేదు. నా బాధంతా మీరు తెరిచిన తీరు గురించే.

ఈ కాగితాల కథ నాకు 2020 మార్చిలో మొదలైంది. 24వ తారీఖు రాత్రి 8 గంటలకు ప్రధాని టీవీలో చెప్పారు, అర్ధరాత్రి నుంచి దేశం మూత. హైదరాబాద్ హాస్టళ్లు ఖాళీ చేసిన పిల్లలు పోలీసులిచ్చిన అనుమతి కాగితాలు పట్టుకుని బండ్ల మీద ఆంధ్ర దారి పట్టారు. మా రూటులో వచ్చినవాళ్లు వాడపల్లి దగ్గర ఆగిపోయారు. కృష్ణలో మూసీ కలిసే చోటు అది. ఇవతలి ఒడ్డు వాడపల్లి మాది, వంతెన దాటితే పొందుగుల వాళ్లది. ఇవతల ఇచ్చిన కాగితం అవతల చెల్లలేదు. ఆ సాయంత్రం ఒక పిల్లవాడు తన కాగితం ఫొటో నా ఫోనుకు పంపి, "అన్నా, దీన్నే ఇంకొంచెం పెద్ద అక్షరాలతో ప్రింటు తీసిస్తవా?" అని అడిగాడు. అక్షరాలు పెద్దవైతే వంతెన దాటనిస్తారని వాడి ఆశ. షట్టరు సగం దించుకుని తీసిచ్చాను. డబ్బులు తీసుకోలేదు. వాడు ఎప్పుడు దాటాడో, అసలు దాటాడో లేదో నాకు తెలియదు.

దేశాల సంగతికి వస్తాను గానీ, అంతకుముందు మా గంట బండి ప్రయాణం సంగతి చెప్పాలి. ఈ ఏడాది మే 11 మధ్యాహ్నం క్యాబినెట్‌లో అనుకున్నారు, 12 ఉదయం 10 నుంచి తెలంగాణలో లాక్‌డౌన్. మధ్యలో ఒక్క రాత్రి. ఆ సాయంత్రం కిరాణా షాపుల ముందు కన్నా వైన్సుల ముందు జనం ఎక్కువున్నారు, అది వేరే ముచ్చట. ఉదయం 6 నుంచి 10 దాకా సడలింపు. మే 31 నుంచి మధ్యాహ్నం 1 దాకా. జూన్ 10 నుంచి సాయంత్రం 5 దాకా, ఇల్లు చేరడానికి ఇంకో గంట. ఊపిరి పీల్చుకోబోయాం. కింద ఇంకో పేరా ఉంది. సత్తుపల్లి, మధిర, నల్లగొండ, నాగార్జునసాగర్, దేవరకొండ, మునుగోడు, మిర్యాలగూడ నియోజకవర్గాల్లో కేసులు తగ్గలేదు కాబట్టి అక్కడ మధ్యాహ్నం 1 దాకానే.

నియోజకవర్గం! మండలం కాదు, పట్టణం కాదు, ఓటు వేసే హద్దు. వైరస్సు మా ఓటరు లిస్టు పట్టుకుని తిరుగుతున్నట్టు. నేను ఒంటిగంటకు షట్టరు దించుతుంటే, పక్కనే హుజూర్‌నగర్ నియోజకవర్గంలో పడిన నేరేడుచర్లలో మా బావమరిది సాయంత్రం దాకా షాపు తెరుచుకుని కూలరు ముందు కూర్చున్నాడు. అదే రోజుల్లో కృష్ణ దాటితే ఆంధ్రలో కర్ఫ్యూ సడలింపు మధ్యాహ్నం 2 దాకా. మా దగ్గర 1, దాచేపల్లిలో 2, నేరేడుచర్లలో 5. మరి జనం ఏం చేశారు? ఒంటిగంట కాగానే బండ్లు తీసి నేరేడుచర్ల పోయి సామాన్లు తెచ్చుకున్నారు. కేసులు ఎక్కువున్న ఊరి మనుషులను పని గట్టుకుని కేసులు తక్కువున్న ఊరికి పంపినట్టయింది. రాసినవాళ్లకు ఈ సంగతి తట్టలేదంటే నేను నమ్మను. తట్టినా, పేరా టైపు అయిపోయి ఉంటుంది.

లాక్‌డౌన్‌కు నెల ముందు, ఏప్రిల్‌లో, సాగర్ ఉపఎన్నికకు హాలియాలో సభలు జరిగినప్పుడు మాత్రం ఎవరికీ ఏ పాసూ అక్కర్లేకపోయింది. ఇంతకన్నా ఏమీ అనను, షాపు నడుపుకునేవాణ్ణి.

జూన్ 20 నుంచి తెలంగాణలో లాక్‌డౌన్ పూర్తిగా ఎత్తేశారు. ఇక నా పని మళ్లీ పహాణీలే అనుకున్నాను. అసలు పని అప్పుడు మొదలైంది. మూసేటప్పుడు దేశాలన్నీ ఇంచుమించు ఒకేసారి తలుపులు వేసుకున్నాయి. తీసేటప్పుడు ఎవరి తాళం వాళ్లదే, ఎవరి గడియారం వాళ్లదే. మా నల్లగొండ జిల్లాలో ఏ ఊరికి పోయినా ఒకరి కొడుకు అమెరికాలో, ఒకరి అల్లుడు గల్ఫ్‌లో, ఒకరి బిడ్డ లండన్‌లో. ఆ తాళాలన్నీ నా బల్ల మీదికి వచ్చి పడ్డాయి.

ఒక్క ఇంగ్లండ్ సంగతే వినండి. మా వీధి చివర ఇద్దరు పిల్లలు ఒకే కాలేజీలో సీట్లు తెచ్చుకున్నారు. ఇద్దరికీ రెండు డోసుల కోవిషీల్డే, ఒకే క్యాంపులో. అక్టోబర్ 4 నుంచి ఇంగ్లండ్ కొత్త రూలు పెట్టింది. కోవిషీల్డ్‌ను ఒప్పుకుంటారు గానీ మన దేశం ఇచ్చిన సర్టిఫికెట్టును ఒప్పుకోరు. మందు మంచిదే, కాగితం నమ్మం అన్నట్టు. మొదటివాడు 6న విమానం ఎక్కాడు. పది రోజులు గదిలో, టెస్టుల ఖర్చు తనదే. మన ప్రభుత్వం కూడా ఊరుకోక, అక్కడి నుంచి వచ్చేవాళ్లకూ పది రోజులు పెట్టింది. అక్టోబర్ 11న వాళ్లు వెనక్కి తీసుకున్నారు, 13న మనవాళ్లు తీసుకున్నారు. రెండోవాడు 12న ఎక్కి, దిగి, నేరుగా కాలేజీకి పోయి ఫొటో పంపాడు. అప్పటికి మొదటివాడు ఇంకా కిటికీలోంచి ఫొటోలు పెడుతున్నాడు. రెండు ప్రభుత్వాలు మూతులు ముడుచుకుని మళ్లీ కలిసిపోయాయి. మధ్యలో నలిగింది 6న టికెట్టు చౌకగా దొరికిన పిల్లవాడు.

చైనాలో ఎంబీబీఎస్ చదివే పిల్లల కథకు అసలు ముగింపే లేదు. 2020 మొదట్లో సెలవులకు వచ్చారు. ఆ మార్చి 28 నుంచి చైనా బయటి దేశాలవాళ్లకు తలుపు మూసింది, ఇప్పటికీ తీయలేదు. నకిరేకల్ వైపు నుంచి ఒక అమ్మాయి నెలకోసారి వచ్చి నోట్సు ప్రింటు తీసుకుపోతుంది. మూడో సంవత్సరం. శవాన్ని కోసి నేర్చుకోవాల్సిన చదువు ఫోనులో చదువుతోంది. మీ కాలేజీ ఎప్పుడు తెరుస్తారమ్మా అని ఒకసారి అడిగాను, ఇంకెప్పుడూ అడగలేదు.

దుబాయ్‌లో ఏసీ మెకానిక్కుగా చేసే అబ్బాయి ఏప్రిల్‌లో సెలవు మీద వచ్చాడు. 24 రాత్రి నుంచి మన విమానాలు ఆపారు. ఆగస్టు 5 నుంచి కొందరికి దారి ఇచ్చారు. బయలుదేరే ముందు 48 గంటల్లోపు ఆర్టీపీసీఆర్, దాని మీద క్యూఆర్ కోడ్, మళ్లీ శంషాబాద్‌లో విమానం ఎక్కేముందు ఇంకో టెస్టు. కాగితం మీద 48 గంటలంటే చాలా టైమే అనిపిస్తుంది. ఆ గంటలు శాంపిల్ ఇచ్చిన క్షణం నుంచి లెక్క. మా ఊళ్లో ఇస్తే రిపోర్టు వచ్చేసరికే రోజు గడిచిపోతుంది, ఆ పైన హైదరాబాద్ ప్రయాణం. అందుకే మా జిల్లా పిల్లలు రెండు రోజుల ముందే పోయి, లాడ్జిలో దిగి, అక్కడే టెస్టు చేయించుకుంటారు. మీ రూలులో లాడ్జి ఖర్చు రాయలేదు గానీ, అది రూలులో భాగమే.

సద్దుల బతుకమ్మ రోజు మా అక్క వాళ్ల ముచ్చట చెప్తాను. అక్కకు ఒక బిడ్డ, ఒక కొడుకు. బిడ్డ ఇంగ్లండ్‌లో, కొడుకు మెల్‌బోర్న్‌లో. రాత్రి ఏడు గంటలకు గ్రౌండులో బతుకమ్మను దించి, ఫోనును తంగేడు పూల పళ్లేనికి ఆనించి వీడియో కాల్ పెట్టారు. మేనకోడలికి అది మధ్యాహ్నం, మేనల్లుడికి అర్ధరాత్రి దాటింది. మెల్‌బోర్న్‌లో ఆరో లాక్‌డౌన్, రాత్రి కర్ఫ్యూ, ఇంటి నుంచి ఇన్ని కిలోమీటర్లకు మించి పోవద్దని గీత. ఒక దశలో ఆ గీత 5 కిలోమీటర్లే. అన్నీ కలిపి 262 రోజులు లోపలే ఉన్నారు, మొన్న 22న తెరిచారు. వాడి వెనక చీకటి గోడ, ఈమె వెనక పార్కులో పిల్లలు. మా దగ్గరేమో వందల మంది ఆడవాళ్లు, మాస్కు ఎవరికీ లేదు, చప్పట్లు, మైకు.

"మామా, అంతమంది ఎట్ల కలిసిండ్రు? పోలీసులు ఏమనలేదా?" అన్నాడు వాడు. "మేం జులైలనే మాస్కులు తీసేసినం" అంది వాళ్ల అక్క. ఆ రోజుల్లో బ్రిటన్ మొత్తం మీద రోజుకు 40 వేల పైన కేసులు. వాడి రాష్ట్రంలో రెండు వేల చిల్లర. మన తెలంగాణలో రెండొందల లోపు అని బులెటిన్. ఎక్కువ కేసులున్నచోట తెరిచి ఉంది, తక్కువున్నచోట మూసి ఉంది, మా దగ్గర ఉందో లేదో ఎవరికీ పట్టింపు లేదు. మా అక్క ఇవేమీ పట్టించుకోలేదు. "వాడు సన్నబడ్డడు" అంది, అంతే. రెండేళ్లయింది వాడు వచ్చి. అక్కడి నుంచి బయటికి వస్తే మళ్లీ లోపలికి రానివ్వరు, వీసా అలాంటిది. ఇప్పుడు నవంబర్ 1 నుంచి ఆస్ట్రేలియా తలుపు తీస్తున్నారట, ముందు వాళ్ల పౌరులకు. వాడు పౌరుడు కాదు. పన్ను మాత్రం కడుతున్నాడు.

ఇక నిన్న వచ్చినవాళ్ల గురించి. ఈ ఉత్తరం రాయడానికి కారణం వాళ్లే.

వేములపల్లి మండలంలో ఒక ఊరి నుంచి ముసలి దంపతులు. సాగర్ ఎడమ కాలువ కింద నాలుగెకరాలు. కోతలు నడుస్తున్నాయి, ఆయన కాళ్లకు ఇంకా పొలం మట్టి ఉంది. పట్టాదారు పాసుబుక్కులు పెట్టుకునే ప్లాస్టిక్ సంచిలోంచి రెండు పాస్‌పోర్టులు, రెండు ఆధార్ కార్డులు, రెండు టీకా కాగితాలు తీసి, పేకముక్కలు పరిచినట్టు నా బల్ల మీద వరసగా పెట్టారు. వాళ్ల బిడ్డ డాలస్‌లో ఉంటుంది. నవంబర్ ఆఖరివారంలో కాన్పు. 2019లోనే వీసాలు తీసుకున్నారు. ఈ మే 4 నుంచి అమెరికా మన దేశం నుంచి వచ్చేవాళ్లను ఆపేసింది. ఇప్పుడు నవంబర్ 8 నుంచి ఆ ఆంక్ష ఎత్తేసి, పూర్తిగా టీకా వేసుకున్నవాళ్లను రమ్మంటోంది. బిడ్డ ఫోను చేసి చెప్పింది, వీళ్లు బస్సెక్కి నా దగ్గరికి వచ్చారు.

ఆమె కాగితం చూశాను, కోవిషీల్డ్. ఆయనది చూశాను, కోవాగ్జిన్.

ఎలా జరిగిందో ఆమె చెప్పింది. ఏప్రిల్‌లో ఇద్దరూ కలిసే పోవాల్సింది. ఆ రోజు ఆమెకు ఒళ్లు వెచ్చగా ఉందని ఆగిపోయింది, ఆయన ఒక్కడే పోయాడు. ఆ సెంటర్లో ఆ రోజు కోవాగ్జిన్ ఉంది, వేశారు. వారం తర్వాత ఆమె పక్క ఊరి క్యాంపుకు పోతే కోవిషీల్డ్ ఉంది, అది వేశారు. ఏది కావాలని ఎవరూ అడగలేదు, అడిగితే చెప్పడానికి వీళ్లకూ తెలియదు. మేలో కోవాగ్జిన్ రెండో డోసుకు స్టాకు లేదని ఆపేస్తే ఆయన రెండుసార్లు నల్లగొండ పోయి తిరిగొచ్చి, జూన్‌లో వేయించుకున్నాడు. చెప్పిన పనిని చెప్పినట్టు, కష్టపడి చేసిన మనిషి.

అమెరికా ఒప్పుకునే టీకాల్లో వాళ్లు ఆమోదించినవి, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించినవి ఉన్నాయి. ఇవాళ్టికి కోవాగ్జిన్ ఆ లిస్టులో లేదు. ఆ మాట చెప్పాల్సి వచ్చింది. ఆయన కాసేపు ఏమీ అనలేదు.

"ఇది మన హైదరాబాద్ల చేసిందేనంట గదా?"

"అవును పెద్దయ్యా. జీనోమ్ వ్యాలీలో."

"మరి వాళ్లకెందుకు పట్టలే?"

చెప్పాను. కంపెనీ ఏప్రిల్‌లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థను అడిగింది, కాగితాలు పంపుతూనే ఉంది, మొన్న 26న వాళ్ల నిపుణుల కమిటీ కూర్చుని ఇంకొన్ని వివరాలు కావాలంది, నవంబర్ 3న మళ్లీ కూర్చుంటుంది. ఆయన తలూపాడు. ఆయనకు నాకన్నా బాగా అర్థమైంది.

"అంటే మిల్లుకాడ తేమ చూస్తున్నరన్నట్టు. మిషను పెట్టిండ్రు, 17 శాతం లోపా పైనా ఇంక చెప్తలేరు."

"అంతే."

"చెప్పేదాక ట్రాక్టరు లైన్లనే ఉండాలె. పొద్దు పొడిస్తే మల్ల టోకెన్ పాతదంటరు."

వడ్లకు టోకెన్లు రాయించుకుని మిర్యాలగూడ మిల్లుల ముందు రాత్రుళ్లు గడిపిన రైతుకు మీ పద్ధతి వింతగా అనిపించలేదు. అది మీకు పొగడ్త అనుకోకండి.

ఆమె వేరే దారి వెతికింది. "నాకు వేసిన సూదే ఈయనకు గూడ ఇంకోటి వేయిస్తే?" వీలుకాదమ్మా అన్నాను. రెండు డోసులు పడ్డాక కోవిన్‌లో, అంటే టీకాలు నమోదు చేసే ప్రభుత్వ సైటులో, మూడోది ఎక్కదు. మొన్న శుక్రవారం సుప్రీంకోర్టులో కూడా ఎవరో ఇదే అడిగితే, ప్రజల ప్రాణాలతో ఆడుకోలేం, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏమంటుందో చూద్దాం, దీపావళి కానివ్వండి అన్నారు. "పోనీ మీరొక్కరే పోయి రారాదూ" అన్నాను, ఫారం నింపేవాడి తెలివితో. ఆమె నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. "నాకు బస్సు బోర్డే చదవరాదు బిడ్డా. ఆయన లేంది యాదగిరిగుట్టకే పోలేదు."

ఒక రోజు జ్వరం. ఆ జ్వరం వల్ల ఒకరు అమెరికా పోగలరు, ఇంకొకరు పోలేరు. నేను చెప్పదలచుకున్నది ఇదే, పెద్దలారా. మనిషి తనకు తాను ఎంచుకోని దాన్ని పట్టుకుని మీరు మనుషులను విడదీస్తున్నారు. మిర్యాలగూడలో ఇల్లుండటం ఎవరూ కరోనా చూసుకుని ఎంచుకోలేదు. 6న టికెట్టు, 12న టికెట్టు ఎవరూ ఉత్తర్వు చూసి కొనలేదు, అప్పటికి ఉత్తర్వే లేదు. సెంటర్లో ఏ సీసా తెరిచి ఉందో దాన్ని భుజం మీద పొడిపించుకున్నారు. వేయించుకోను అన్నవాణ్ణి ఆపండి, నేనే చేతులెత్తి దండం పెడతాను. చెప్పినట్టు వేయించుకున్నవాణ్ణి ఏ లెక్కన ఆపుతారు?

ఇది ఇంతటితో అయిపోలేదు. 3న సరేనన్నా ఆయన కాగితంలో ఇంకో ముడి ఉంది. ఆధార్‌లో ఇంటిపేరు ముందు ఒక్క అక్షరంగా ఉంది, పాస్‌పోర్టులో చివర పూర్తిగా ఉంది. టీకా కాగితం ఆధార్‌ను చూసి పుట్టింది. మన పేర్లు ఇలాగే ఉంటాయని కోవిన్ చేసినవాళ్లకైనా తెలుసు కదా! దిద్దుకోవచ్చు, కానీ అందుకు ఓటీపీ రావాలి. ఆ ఓటీపీ ఏ ఫోనుకు పోతుంది? ఏప్రిల్‌లో ఆయన దగ్గర ఫోను లేకపోతే పక్కన నిలబడ్డ ఒక పిల్లవాడి నంబరు రాయించారు. ఆ పిల్లవాడు ఇప్పుడు పుణెలో కూలి పనిలో ఉన్నాడు. నిన్న మధ్యాహ్నం నేను ఆ పిల్లవాడికి ఫోను చేసి, వాడు సెంట్రింగు పని మధ్యలో దిగివచ్చి ఓటీపీ చదివి చెప్పేసరికి టైము దాటిపోయింది. మూడోసారికి పట్టాం. డాలస్ పోవాల్సిన కాగితం పుణెలో సెంట్రింగు చెక్కల మీదుగా నడిచింది. పాస్‌పోర్టు నంబరు ఎక్కించాను, పుట్టిన తేదీ పూర్తిగా ఎక్కించాను. ఇదివరకు వయసు మాత్రమే ఉండేది, ఇంగ్లండ్‌తో గొడవయ్యాక తేదీ పెట్టుకునే వీలు వచ్చింది.

నా తప్పు కూడా చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. సెప్టెంబర్‌లో గల్ఫ్ పోయే అబ్బాయికి ఒక విమాన సంస్థ ఫారం నింపాను. రెండో డోసు ఆగస్టు 9న. మనకు అలవాటైనట్టు 09/08 అని కొట్టాను. ఆ ఫారంలో నెల ముందు రాయాలట, పక్కన చీమ తలకాయంత అక్షరాలతో ఉంది. సెప్టెంబర్ 8 అయి కూర్చుంది. పద్నాలుగు రోజులు నిండలేదని కౌంటర్ దగ్గర ఆపేశారు. రాత్రి బస్సుకు తిరిగొచ్చి, తెల్లారి షట్టరు తీసేసరికి గడప మీద కూర్చుని ఉన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. "మల్ల నింపన్నా, ఈసారి జర పైలంగ" అన్నాడు. టికెట్టు మార్చడానికి అయిన డబ్బులో సగం ఇవ్వబోతే తీసుకోలేదు. అప్పటి నుంచి తేదీ ఉన్న ప్రతి గడినీ పైకి చదివి, కస్టమరుతో నెల పేరు నోటితో చెప్పించుకుని గానీ కొట్టను.

తేదీలంటే గుర్తొచ్చింది. ఇంగ్లండ్ రూలు వాళ్ల తెల్లవారుజాము 4కు మారింది, అంటే మనకు ఉదయం ఎనిమిదిన్నర. అమెరికాది నవంబర్ 8న వాళ్ల తూర్పు టైములో అర్ధరాత్రి దాటిన నిమిషానికి, మనకు ఉదయం పదిన్నర. పైగా దానికి ముందు రోజే వాళ్లు గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. ఇవన్నీ నేను గోడ మీద చాక్‌పీసుతో రాసుకున్నాను. మీ వెబ్‌సైటులో మా టైము ఒక లైను రాస్తే మీ సొమ్మేం పోతుంది?

మన దగ్గరి పెద్దలకు నా మనవి చిన్నది. టీకా సెంటరు గేటు మీద ఆ రోజు ఏ మందు వేస్తున్నారో పెద్ద బోర్డు పెట్టండి, తెలుగులో. బయటి దేశం పోయేవాళ్లు ఉంటే లోపలికి వచ్చేముందే చెప్పమని రాయండి. పేరు, ఫోను నంబరు దిద్దే పని పంచాయతీ ఆఫీసులో కాగితం మీద చేసే వీలివ్వండి, మనిషి ఎదురుగా ఉన్నాడు కదా, ఓటీపీ ఎందుకు? కలెక్టరేట్లలో ఒక ఫోను పెట్టండి. ఎత్తి, ఫలానా దేశం పోవాలంటే ఇవాళ్టికి రూలు ఇది అని చెప్పే మనిషిని కూర్చోబెట్టండి. ప్రస్తుతం ఆ మనిషిని నేను, నాకు జీతం లేదు, బాధ్యతా లేదు. ఇలాంటి పని ప్రింటుకు పది రూపాయలు తీసుకునేవాడి చేతిలో వదిలేయడం మీకు బాగుందా?

అవతలి దేశాల పెద్దలకు ఒక్కటే. టికెట్టు కొన్న రోజు రూలు ఏదో, ప్రయాణం రోజుకూ అదే రూలు ఉండనివ్వండి. మార్చాలంటే పదిహేను రోజుల ముందు చెప్పండి. మూసేటప్పుడు రాత్రికి రాత్రి మూశారు, తప్పలేదు, జబ్బు ఆగదు. తెరిచేటప్పుడు ఏం తొందర?

నిన్న వాళ్లు వెళ్లేటప్పుడు ఆ ప్లాస్టిక్ సంచి నా దగ్గరే వదిలిపోయారు. "మల్ల రావాల్నాయె, ఈన్నే ఉండనీ" అంది ఆమె. ప్రింటర్ కింద సొరుగులో పెట్టి తాళం వేశాను. బుధవారం 3వ తారీఖు. కమిటీ ఎన్నింటికి చెప్తుందో తెలియదు గానీ, ఆ రాత్రి షాపు మూయను. సరేనంటే ఆయనకు ఫోను చేయాలి. ఫోను పక్కింటివాళ్లది, తొమ్మిది దాటితే ఎత్తరు, అంతకుముందే చెప్పండి.

ఇట్లు,
మిర్యాలగూడ బస్టాండు దగ్గరి జిరాక్స్ షాపు వాడు